అయిదు వందల నోట్లు లేని బిజినెస్ పెట్టె

మా ఇంట్లోకి ఏ కొత్త ఆట వచ్చినా ముందు ఆడటం ఉండేది కాదు. ముందు లెక్క. నాన్న తెనాలిలో ఒక బ్యాంకులో క్యాషియరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ డబ్బంతా లెక్కపెట్టి వచ్చినా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. పాలచీటీ, చాకలి పద్దు సరే, లూడో కాయల్ని కూడా వదిలేవారు కాదు. పెట్టె మూత తీస్తుంటే "ఉండండుండండి, ఎవరూ ముట్టుకోకండి" అని దుప్పటి పరిచి, రంగుల వారీగా పేర్చి, పెట్టె అడుగున ఏముండాలని రాశారో దాంతో సరిచూసి, మూత లోపలి వైపు తేదీ వేసి చిన్న సంతకం పెట్టేవారు. అప్పుడు గానీ పందెం పాచిక మా చేతికొచ్చేది కాదు.

1988 ఎండాకాలం. అన్నయ్య ఏడో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. సైకిలు అడిగాడు. నాన్న బేరమాడి, బేరమాడి బిజినెస్ ఆట దగ్గర తేల్చారు. నేను నాలుగు పాసై అయిదుకొచ్చాను, నన్నెవరూ ఏమీ అడగలేదు. అయినా వెంట వెళ్ళాను.

తెనాలి నుంచి బెజవాడకి పాసింజరు. స్టేషన్లో దిగి రిక్షా ఎక్కి బీసెంట్ రోడ్డు. అప్పటికి ఆ రోడ్డు మాకు కాశీ, ప్రయాగ. చీరలకి అదే, చెప్పులకి అదే, ఆటసామాన్లకీ అదే. కొట్టు పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. లోపల అద్దాల బీరువాలు, పైఅరలో అట్టపెట్టెలు. గుమాస్తా పొడుగాటి కర్రతో ఓ పెట్టెని ముందుకి తోసి, అది పడుతుంటే రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం చూడటానికే ఇంకో రెండు పెట్టెలు తీయించవచ్చనిపించింది నాకు.

మూత మీద నవ్వుతున్న కుటుంబం. చుట్టూ కాగితం టేపు. ధర 42 రూపాయలు.

"ఓసారి విప్పి చూపించండి" అన్నారు నాన్న.

"సీలు తీస్తే మళ్ళీ ఎవరు కొంటారండీ?"

నాన్న పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. గలగల మంది. కొన్నారు. తిరుగు రైల్లో అన్నయ్య కిటికీ పక్క కూచుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, టేపు అంచుని గోటితో గీకుతూనే ఉన్నాడు. "రైల్లో డబ్బు బయటికి తియ్యకూడదు" అన్నారు నాన్న. నిజంగానే అన్నారు, వేళాకోళానికి కాదు.

ఇంటికొచ్చాక దుప్పటి, లెక్క. మధ్యలో గుడ్డపట్టీతో మడతపడే అట్ట. పచ్చ ఇళ్ళు, ఎర్ర హోటళ్ళు, రెండు పాచికలు, ఊళ్ళ పేర్ల పత్రాలు, ఛాన్స్ చీట్లు. ఇక నోట్లు. నాన్న చూపుడువేలు తడిచేసుకుని కట్టలు విప్పారు. పదులు సరిపోయాయి. యాభైలు సరిపోయాయి. వందల కట్టలు రెండు ఉన్నాయి. అయిదు వందల కట్ట లేదు. పెట్టేవాడు పరధ్యానంలో ఒక కట్ట బదులు ఇంకోటి పెట్టేశాడన్నమాట. అన్నయ్య మొహం చూడాలి. ఎక్కువొచ్చిన వందల్ని చూసి సంతోషించాలో, లేని అయిదు వందల కోసం ఏడవాలో తెలియక నోరు తెరిచి ఉండిపోయాడు.

తర్వాతి ఆదివారం నాన్న ఒక్కరే పెట్టె చంకలో పెట్టుకుని మళ్ళీ పాసింజరెక్కారు. పొద్దుగూకే వేళకి అదే పెట్టెతో వచ్చారు. సీలు తీశాక తమది పూచీ కాదన్నారట. సీలుండగా చూపించనంటారు, సీలు తీశాక పుచ్చుకోనంటారు. ఇప్పుడంటే ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే మర్నాడు మనిషొచ్చి పట్టుకుపోతాడు. అప్పుడు కొన్నవాడిదే తప్పు. అమ్మ మంచినీళ్ళు ఇస్తూ "పోనిస్తురూ, వందలతోనే ఆడుకుంటారు" అంది. నాన్న మాట్లాడలేదు. భోజనం చేసి, గోడకున్న మేకు నుంచి పోయినేటి ఇంగ్లీషు క్యాలెండరు దింపారు. పెద్ద పెద్ద అంకెలుండేది, ఆదివారాలు ఎరుపు. కాగితం దళసరి. వెనక తెల్లగా ఉండేది.

ఆ రాత్రి ఆయన నోట్లు అచ్చువేశారు. అచ్చంటే చేతి అచ్చే. స్కేలు పెట్టి గీతలు, బ్లేడుతో కోత. పైన "వ్యాపార బ్యాంకు, తెనాలి". మధ్యలో 500. కింద "ఈ నోటు తెచ్చినవారికి అయిదు వందల రూపాయలు చెల్లిస్తానని మాట ఇస్తున్నాను", దాని కింద బ్యాంకులో పెట్టే సంతకం. మూలన వరస నంబరు: తె 01 నుంచి తె 20 వరకు. "నంబరు లేని నోటు నోటే కాదు" అన్నారు. ఇంతా చేసి, అసలు అయిదు వందల నోటు దేశంలోకి వచ్చిందే అంతకు ముందు ఏడాది, 1987 అక్టోబరులో, గాంధీగారి బొమ్మతో. మా వీధిలో చాలామంది దాన్ని కళ్ళచూడలేదు. మాకు మాత్రం ఇరవై ఉన్నాయి.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు బిజినెసే. నేలమీద నీళ్ళు చల్లి, తడి ఆరాక అట్ట పరిచేవాళ్ళం. పక్కింటి ఇద్దరు పిల్లలు, సెలవలకి వచ్చిన అత్తయ్య కూతురు, మేమిద్దరం. బొంబాయి, ఢిల్లీ అన్నయ్యవి. ఎవరు ముందు ఆగినా ఏదో ఒక పంచాయితీ పెట్టి చివరికి వాడే కొనేవాడు. నావన్నీ చవక ఊళ్ళు. డార్జిలింగు నాకిష్టం, పేరు బాగుంటుందని. అక్కడ హోటలు కట్టాను, దానిమీద ఆ ఎండాకాలంలో ఒక్కరంటే ఒక్కరు ఆగలేదు. అమ్మ పనులయ్యాక అప్పుడప్పుడు వచ్చి కూచునేది. ఊళ్ళు కొనేది కాదు, రైల్వే దొరికితే కొని కాళ్ళు చాపుకునేది. "ఇళ్ళు కడితే సున్నాలూ రిపేర్లూ ఎవడు చేయిస్తాడు" అని.

నేను దివాలా తియ్యడం రివాజు. నేను పోతే మిగతావాళ్ళూ లేచిపోతారు, ఆట ఆగిపోతుంది. అందుకని అన్నయ్య అప్పిచ్చేవాడు. ఊరికే కాదు, నోటుబుక్కు కాగితం మీద ప్రామిసరీ నోటు రాయించుకునేవాడు. "వడ్డీ నూటికి రెండు, నా ఇష్టపూర్తిగా" అని నా చేత రాయించి వేలిముద్ర. సంతకం వచ్చని చెప్పినా వేలిముద్రే కావాలనేవాడు. వాడి దగ్గర అంత డబ్బు ఎక్కడిదని నేను ఎప్పుడూ అడగలేదు. బ్యాంకు పెట్టె వాడి మోకాలి కిందే ఉండేది, అంచేత ఉంటుందిలే అనుకునేదాన్ని.

ఈ ఆట తాత ఎవరో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన బిజినెస్‌కి మూలం మొనాపలీ. దానికి మూలం ఎలిజబెత్ మాగీ అనే అమెరికా ఆవిడ తయారుచేసి 1904లో పేటెంటు పుచ్చుకున్న భూస్వామి ఆట. భూములన్నీ కొందరి చేతుల్లో ఉంటే మిగతావాళ్ళు ఎలా చితికిపోతారో చూపించడానికి చేసిందట పాపం. మనం నేర్చుకున్నది ఎదుటివాణ్ణి చితక్కొట్టడం. 1935లో మొనాపలీ అమ్మే పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆవిడ పేటెంటు కొనుక్కుంది. ఇచ్చింది 500 డాలర్లు. అది చదివినప్పుడు నాకు మా పెట్టెలో లేని కట్టే గుర్తొచ్చింది.

కొన్న ఆటలు నాన్నవి, కొనని ఆటలు అమ్మవి. అమ్మకి నాలుగు గవ్వలుండేవి, వాళ్ళమ్మ రామేశ్వరం నుంచి తెచ్చినవి. పసుపు డబ్బాలో దాచేది, అందుకే వాటి పెదాలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. వరండా గచ్చు మీద సుద్దతో అయిదు అడ్డం, అయిదు నిలువు గడులు గీసి, ఇంటూలు కొడితే అష్టాచెమ్మా పటం తయారు. కాయలకి ఎవరికి దొరికింది వాళ్ళది: చింతపిక్కలు, గాజుముక్కలు, చీపురుపుల్ల తునకలు, కందిపప్పు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి చుట్టులోకి పోనివ్వరు. అమ్మ మెత్తని మనిషి, పిల్లిని కూడా అదిలించేది కాదు. గవ్వలు పట్టుకుంటే మాత్రం వేరు. గవ్వలు గుప్పిట్లో ఊపి, నోటి దగ్గర పెట్టుకుని ఏదో గొణిగి, విసిరి, "చంపేశా తీయ్" అనేది. ఆ "తీయ్" లో జాలి బొత్తిగా ఉండేది కాదు. పక్కింటి అత్తయ్యగారి కాయ పండే గడికి ఒక్క అడుగు దూరంలో ఉండగా చంపినప్పుడు ఆవిడ రెండు రోజులు మజ్జిగ తోడుకి రాలేదు.

శివరాత్రికి మాత్రం వైకుంఠపాళి. నాన్న ఓ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళకి తీసుకెళ్ళారు. ప్రభలు చూసి మెడలు నొప్పిపుట్టాక, దిగువన చెరుకుగడల వాళ్ళ పక్కన గోనెపట్టా మీద పటాలు పరిచినవాడి దగ్గర పరమపద సోపాన పటం కొన్నాం. ఏనాడు అచ్చేశారో, పాముల ఎరుపు గీత దాటి పక్కగడిలోకి కారింది. నాన్న లెక్కపెట్టడానికి అందులో ఏమీ లేదు, ఒకే కాగితం. అయినా "గడులన్నీ ఉన్నాయా?" అని చూసుకున్నారు. జాగరణ రాత్రి మూడు జాముల వేళకి అందరి కళ్ళూ కూరుకుపోతుంటే పైవరసలోని పెద్దపాము మింగి ఒకరిని అడుక్కి దింపేది. అప్పుడు లేచే కేకకి వీధిలో సగం మంది మేలుకునేవారు. ఆ పాము లేకపోతే జాగరణ సాగేదా అని నాకు అనుమానమే.

ఇక క్యారమ్ బోర్డు. 1991లో అన్నయ్య పదో తరగతి పాసయ్యాక వచ్చింది. ఈసారి బెజవాడ వద్దన్నారు నాన్న. తెనాలిలోనే, బోసు రోడ్డులో. సీళ్ళ గొడవ లేదు, బోర్డులన్నీ గోడకి చేరేసి ఉంటాయి. నాన్న బోర్డుని కంటి ఎత్తుకి లేపి, ఒక కన్ను మూసి, పలక మీదుగా దీపం వైపు చూశారు. వంకర ఉంటే వెలుతురు విరుగుతుందట. కొట్టాయన కూడా సరదామనిషి, చిటికెడు పౌడరు చల్లి స్ట్రైకర్‌ని అలా వదిలాడు. నాలుగు గోడలకీ తగిలి, తిరిగి వచ్చి ఆయన వేలి దగ్గరే ఆగింది. నాన్న ఇంకేం మాట్లాడలేదు. బోర్డు రిక్షాలో పట్టక, అన్నయ్య నెత్తిన పెట్టుకుని నడిచాడు. వెనక నేను కాయల డబ్బా పట్టుకుని. ఇంటికి చేరేలోపు దారిలో ముగ్గురు "మేమూ వస్తాం" అన్నారు.

తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది, ఎరుపు ఒకటి. లెక్క కుదిరింది. నాన్న మొహంలో తృప్తి.

పౌడరు మెడికల్ షాపులో. "బోరిక్ పౌడరండీ" అంటే ఆయన "కళ్ళకా, క్యారమ్స్‌కా?" అనేవాడు. కళ్ళు కడగడానికైతే చిన్న పొట్లం, ఆటకైతే పెద్ద పొట్లం. పౌడరైపోయి డబ్బుల్లేని రోజు అమ్మ మొహానికి రాసుకునే పౌడరు వాడేవాళ్ళం. ఇల్లంతా పేరంటం వాసన కొట్టేది, కాయలు మాత్రం కదిలేవి కావు.

మా రూల్సు మావి. ఎరుపు వేశాక వెంటనే ఫాలో, అంటే మన కాయ ఒకటి, పడాలి, పడకపోతే ఎరుపు మళ్ళీ మధ్యలోకి. ఇంతవరకు అందరిదీ ఒకటే. బొటనవేలితో కొట్టొచ్చా లేదా అన్నది మాత్రం తేలలేదు. మేము బిజినెస్ కొన్న 1988లోనే మద్రాసులో అంతర్జాతీయ క్యారమ్ ఫెడరేషన్ పెట్టారనీ, మేము బోర్డు కొన్న 1991లోనే మద్రాసు ఆటగాడు మరియా ఇరుదయం మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడనీ మాకేం తెలుసు. మాకు ఫెడరేషన్ అంటే పక్కింటి పెద్దబ్బాయి. వాడు ఏమంటే అది రూలు, వాడు ఓడిపోతుంటే ఇంకోటి రూలు.

తొలకరికి బోర్డు ఒక మూల లేచింది. బియ్యం బస్తా కింద పది రోజులు పెట్టాం. దిగింది గానీ ఆ మూల వైపు కాయ పోతే కాస్త ఎడమకి ఒరిగేది. ఆ ఒరుగుడు మాకు తెలుసు, వచ్చిన చుట్టాలకి తెలియదు. చెప్పేవాళ్ళమూ కాదు. ఓ నల్లకాయ ఎలకెత్తుకెళ్ళింది. విడిగా ఒక్క కాయ అమ్మరు, మొత్తం సెట్టు కొనాలంటారు. బాబాయి వాళ్ళింట్లో మిగిలిన తెల్లకాయ ఒకటి తెచ్చి, నాన్న బూట్ల పాలిష్ పట్టించాడు అన్నయ్య. నల్లగా నిగనిగలాడింది. కొట్టిన ప్రతిసారీ పౌడరు మీద సన్నటి నల్లచార గీసుకుంటూ పోయేది. చివరికి ఎవరు ఏ గోడకి కొట్టారో ఆ చారల్ని చూసి చెప్పేవాళ్ళం.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. అన్నయ్య ఇంజనీరింగుకి పోయాడు, నేను గుంటూరు హాస్టలుకి. బోర్డు అటకెక్కింది, తర్వాత దానిమీద వడియాలెండాయి.

మొన్న నాలుగేళ్ళ కిందట హైదరాబాద్‌లో మా అబ్బాయి పుట్టినరోజుకి వాడి స్నేహితులు టికెట్ టు రైడ్ అనే ఆట తెచ్చారు. అమెరికా పటం మీద రైలు దారులు వేసుకునే ఆట. వీళ్ళకి ఆటలాడుకునే కాఫీ హోటళ్ళున్నాయట, గంటకింత అని కట్టి, అరలోంచి కావలసిన పెట్టె తీసుకుని ఆడి చూసి, నచ్చితే కొనుక్కుంటారట. విప్పి చూపించమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. నాన్న అప్పటికి రిటైరై మా దగ్గరే ఉంటున్నారు. పిల్లలు పెట్టె విప్పుతుంటే లోపల్నుంచి "ఉండండుండండి" అని వినపడింది. దుప్పటి వచ్చింది. మా వాడి స్నేహితులు బిత్తరపోయి చూస్తున్నారు.

ప్లాస్టిక్ రైలుపెట్టెలు, చిటికెనవేలి గోరంత పొడుగు. అయిదు రంగులు. మనిషికి 45 చొప్పున అని రాసుంది. నాన్న పదేసి కుప్పలుగా పెట్టి లెక్కపెట్టారు. నీలం 48 వచ్చాయి. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ లెక్కపెట్టారు. 48. ఎరుపు 48. మొత్తం 240.

"ఎక్కువొచ్చాయిరా" అన్నారు, ఏదో తప్పు జరిగినట్టు.

మావాడు కాగితం చూసి చెప్పాడు: "స్పేర్ తాతయ్యా. పోతే వాడుకోడానికి రంగుకి మూడు ఎక్కువిస్తారు."

నాన్న ఆ మూడు నీలం పెట్టెల్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశారు. "అడక్కుండానే?" అన్నారు. తర్వాత అమ్మని పిలిచి మరీ చూపించారు. అమ్మ "మన నల్లకాయ పోయినప్పుడు వీళ్ళెక్కడున్నారో" అని లోపలికెళ్ళిపోయింది.

ఆ రాత్రే తెనాలి ఇంటి నుంచి తెచ్చిన ట్రంకుపెట్టె దింపాను. బిజినెస్ పెట్టె అడుగునే ఉంది. మూత మీది నవ్వే కుటుంబంలో తండ్రి మొహం చెదలు తినేసింది. మూత లోపల నాన్న సంతకం, తేదీ. ఇళ్ళు ఏడే మిగిలాయి. నా ప్రామిసరీ నోట్లు రబ్బరుబ్యాండుకి అతుక్కుపోయి ఉన్నాయి, వేలిముద్రలతో సహా. నాన్న అచ్చువేసిన అయిదు వందల కట్ట తీసి, ఇంటి అలవాటు కదా, లెక్కపెట్టాను. 21.

వరసగా పేర్చాను. తె 13 రెండున్నాయి.

బెంగుళూరులో అన్నయ్యకి ఫోన్ చేశాను. పదకొండు దాటింది. "దొంగనోట్లు వేశావా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా. ఏ నోట్లన్నాడు. చెప్పాను. నవ్వు ఆపుకుంటున్నాడని ఊపిరిలోనే తెలిసిపోతోంది. "నాన్నే పొరపాటున ఒక నంబరు రెండుసార్లు వేసుంటారే" అన్నాడు.

స్పీకరులో ఉందని మర్చిపోయాను. పక్కగదిలోంచి నాన్న లేచొచ్చారు. రెండు తె 13లూ తీసుకుని, దీపం కిందికి వెళ్ళి తిరగేసి నా ముందు పెట్టారు. ఒకదాని వెనక పెద్ద ఎర్ర అంకెలో సగం ముక్క. రెండోదాని వెనక సన్నటి తెలుగు అక్షరాలు, "అమావాస్య" లోంచి కత్తిరింపులో మిగిలిన "మావా". అది తెలుగు పంచాంగం క్యాలెండరు.

"ఇది నాది. ఇది వాడిది" అన్నారు.

"మీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. వేసిన మర్నాడు. వాడి సంతకం నాదానికన్నా తీరుగా ఉంది."

"మరి పట్టుకోలేదేం? బ్యాంకులో అయితే పోలీసులకిస్తారుగా?"

నాన్న మంచం అంచున కూచున్నారు. "నువ్వు దివాలా తీసి మొహం వేళ్ళాడేసుకున్నావు. వాడి దగ్గరా డబ్బులేదు, హోటళ్ళకి పెట్టేశాడు. వంటింట్లో కూచుని ఇది గీసి తీసుకెళ్ళి నీకే అప్పిచ్చాడు. నేను గుమ్మంలోంచి చూశాను. సరే, చలామణిలోనే ఉందిగా అని ఊరుకున్నా."

నేను ప్రామిసరీ నోట్ల కట్ట వైపు చూశాను. ఫోన్లో అన్నయ్య గొంతు సర్దుకున్నాడు.

"అది నువ్వింకా తీర్చలేదే, అమ్మాయ్. నూటికి రెండు. వడ్డీతో ఎంతయిందో నాన్ననే కట్టమను."

నాన్న దిండు కింద తడిమి పెన్సిలు తీసి, "సరళ వడ్డీయా, చక్రవడ్డీయా?" అన్నారు.